ఇరవై ఏడో పుల్ల

నేను ఏనుగుకు భయపడి మిడిల్ పరీక్షకు పోలేదని మా బంధువుల్లో ఒక కథ ఉంది. పెళ్లి భోజనాల్లో పప్పు వడ్డించి పులుసు తెచ్చేలోపు ఎవడో ఒకడు దాన్ని ఎత్తుకుంటాడు. పక్క విస్తరివాడు పొలమారేదాకా నవ్వుతాడు. నాకు వినికిడి తగ్గింది గాని, అంత తగ్గలేదు. మొన్న ఒక తొట్టెల పండుగలో, నన్ను ఎన్నడూ చూడని పిల్లకాయ ఒకడు నా పక్కనే కూర్చుని నాకే ఆ కథ చెప్పాడు. పైగా ఏనుగుకు రంగు కూడా వేశాడు. తెల్ల ఏనుగట!

అందుకే ఇది రాస్తున్నాను. ఆ ఏడు మా భువనగిరిలో ఏనుగు లేదు. నేను భయపడి ఇంట్లో ముసుగు తన్నలేదు, గోడ దూకి మరీ పోయాను. తప్పు నాది కాదు. అది మూడక్షరాల తప్పు, ఆ అక్షరాలను కనిపెట్టింది నేను కాదు.

యుద్ధం నడుస్తున్న రోజులవి. పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గు మీద నడిచేవి. మిడిల్ పరీక్ష రాసేది నల్లగొండలో, అక్కడికి పోయే బస్సు మా ఊరికి రోజుకు ఒక్కటే. డ్రైవరు తెల్లవారకముందే బొగ్గు రాజేసి, అరగంట విసిరి, దానికి దండం పెట్టి మరీ ఎక్కేవాడు. మా బాపు రైలు స్టేషను గోదాములో ఆముదాల బస్తాలు మోసే హమాలీ. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివేదంతా ఉర్దూ. లెక్కలు ఉర్దూలో, భూగోళం ఉర్దూలో, రోజూ కళ్ల ముందుండే మా ఊరి గుట్టను గురించి చెప్పమన్నా ఉర్దూలోనే చెప్పాలి. మా వాడకట్టు నుంచి ఏడో జమాతు దాకా పోయినవాణ్ని నేనొక్కణ్నే. మిడిల్ పాసయితే కచేరీలో కుర్చీ వేసుకుని రాసే గుమాస్తా కొలువు దొరకవచ్చు. బాపు దాన్ని నౌకరీ అనేవాడు కాదు. "ఈపు ఆనిచ్చుకునే పని" అనేవాడు. ఆయన వీపు ఎన్నడూ దేనికీ ఆని ఎరగదు, బస్తాలే ఆయన వీపుకు ఆనేవి.

బడికి ఎదురుగా ఒక సియాహీ దుకాణం ఉండేది. సియాహీ అంటే సిరా. ఆ దుకాణదారును మేమంతా చాచా అనేవాళ్లం. ఆయన కచేరీలో ఏళ్ల తరబడి కాగితాలకు నకళ్లు రాసి, చూపు మందగించాక ఇంటి ముందు అరుగు మీద సిరా పొట్లాలు, కలాలు, పలకలు పెట్టుకుని కూర్చున్నాడు. ఫార్సీ చదివినవాడు. మామూలు మాట ఆయన నోట రాదు. దాహమేసి 'పానీ' అడిగితే విననట్టే ఉంటాడు. 'ఆబ్' అని అడిగితే లోటా నిండా ఇస్తాడు.

ఏటా వానలు వెలిశాక ఊళ్లోకి ఒక చీనా మనిషి వచ్చేవాడు. వీపు మీద పట్టు బట్టల మూట, చేతిలో ఇనుప గజం. "అస్లీ చీనా, అస్లీ చీనా" అని వీధి వీధి తిరిగేవాడు. ఒక ఏడు ఆయనకు జ్వరం తగిలి చాచా ఇంటి వెనక వసారాలో పది రోజులు పడుకున్నాడు. చాచీ గంజి కాచి పోసింది. లేచి పోయేటప్పుడు ఆ మేలుకు గాను చాచాకు ఒక వెదురు గొట్టం ఇచ్చాడు. దాంట్లో నూరు సన్నటి పుల్లలు. వాళ్ల దేశంలో పరీక్షలకు పోయే పిల్లలు గుడిలో మోకాళ్ల మీద కూర్చుని ఆ గొట్టాన్ని ఊపుతారట. ఒక్క పుల్ల ఎగిరి కిందపడుతుంది. దాని మీద అంకె ఉంటుంది, ఆ అంకెకు ఒక చీటీ ఉంటుంది. చీటీలో ఉన్నదే ఫలం.

చీనా అక్షరాలు మనకెవరికి వచ్చు? చాచా ఆ మనిషిని కూర్చోబెట్టి, ఒక్కొక్క చీటీకి అర్థం చెప్పించుకుని ఉర్దూలో రాసుకున్నాడు. రైలు కూత పెట్టేసరికి డెబ్బై దాకా అయ్యాయట. మిగిలిన ముప్పై చాచా సొంత కవిత్వం. దానిలోనే కాస్త నయం అనిపించేవి ఉన్నాయని నా అభిప్రాయం.

పుల్ల నిజమా కాదా తేల్చుకునేందుకు చీనాయన అర్ధచంద్రాకారపు కట్టె బిళ్లలు రెండు ఇచ్చాడు గాని, వాటిలో ఒకటి మంచం కోడు ఎత్తు తక్కువైతే దాని కిందికి పోయింది. అప్పుడు చాచా ఆడపిల్లలు అష్టాచెమ్మా ఆడే చింతగింజల బద్దలు రెండు తెచ్చి పెట్టాడు. విసిరితే ఒకటి నలుపు, ఒకటి తెలుపు పడాలి. అట్లా మూడుసార్లు పడితే పుల్ల పక్కా. చీనా దేవుడు మా చింతగింజలను ఎట్లా ఒప్పుకున్నాడో నాకు తెలియదు. ఒప్పుకున్నాడని ఊరంతా నమ్మింది.

పరీక్షల కాలంలో అరుగు ముందు పిల్లల గుంపు. ఒక సిరా పొట్లం కొన్నవాడికి ఒక ఊపు. మొదట్లో చాచాయే చీటీ చదివి చెప్పేవాడు. పొద్దుకు ఇరవై మందికి చదవలేక ఒక కొత్త కాయిదా పెట్టాడు: ఎవడి చీటీ వాడే చదువుకోవాలి, పైకి చదవకూడదు, ఎవరికీ చెప్పకూడదు, చెప్పితే ఫలం పోతుంది. చదివాక మడిచి డబ్బాలో వేసి పోవాలి. చూశారా, తన గొంతు నొప్పిని తెచ్చి దేవుడి నియమం చేశాడు! నా బతుకును తలకిందులు చేసింది ఆ కాయిదాయే.

పరీక్షకు మూడు రోజుల ముందు నేనూ పోయాను.

"ఏక్ దఫా. ఒక్క పుల్లనే," అన్నాడు చాచా. "మల్ల ఊపుత అన్నవంటే నేను నిన్ను ఊపుత."

ఊపాను. ఇరవై ఏడో పుల్ల పడింది. చింతగింజలు విసిరాను. నలుపు, తెలుపు. మళ్లీ నలుపు, తెలుపు. మూడోసారీ అంతే. డబ్బాలో ఇరవై ఏడో చీటీ తీసుకుని గోడ వారకు పోయి చదివాను. చాచా దస్తూరీ ముత్యాల లాగా ఉంటుంది, దానికి నేను వంక పెట్టను.

దర్వాజే పర్ ఫేల్ ఖడా హై. జల్దీ మత్ కర్.

వాకిట్లో ఫేల్ నిలబడి ఉంది, తొందరపడకు.

ఫేల్ అంటే పరీక్ష తప్పడమే గదా! చీటీ మడిచి డబ్బాలో వేశాను. చాచా నా మొహం చూసి కాయిదా ప్రకారం ఏమీ అడగలేదు. నేను కాయిదా ప్రకారం ఏమీ చెప్పలేదు. అడిగి ఉంటే కథ అక్కడే అయిపోయేది.

ఇంట్లో బువ్వ సహించలేదు. మా అవ్వ, అంటే మా అమ్మ, నా నుదురు మీద చెయ్యి వేసి చూసింది.

"ఏమైందిరా? ఎవలన్న ఏమన్న అన్నరా?"

"ఏం లేదవ్వా."

"ఏం లేకుంటే బువ్వెందుకు తినవు? బువ్వ ఏం జేసింది నిన్ను?"

చెప్తే ఫలం పోతుందంటారు. అది చెడ్డ ఫలమైతే చెప్పి పోగొట్టుకోవచ్చు గదా అని ఇప్పుడు మీకు తోస్తుంది. నాకు నలభై ఏళ్లు దాటాక తోచింది. అప్పుడు నేను వేరే దారి ఆలోచించాను. రెండు రోజులు ఆలోచించాను. చీటీలో ఏమున్నది? ఫేల్ వాకిట్లో నిలబడి ఉన్నది. మా ఇంటికి ఉన్నది ఒక్కటే దర్వాజ. మరి నేను ఆ దర్వాజలోంచి పోకపోతే? అది అక్కడే నిలబడి ఉంటుంది, నేను వెనక నుంచి పోతాను. రేఖాగణితంలో నాకు జమాతులో అందరికన్నా ఎక్కువ మార్కులు వచ్చేవి, దాని ఫలితం ఇది.

బస్సెక్కే పొద్దున అవ్వ గడపకు పసుపు రాసి, నాకు ఎదురు రావడానికి చెంబు నిండా నీళ్లు పట్టుకుని వాకిట్లో నిలబడింది. బాపు అప్పటికే గోదాముకు పోయాడు. నేను బట్టలు సంచిలో కట్టుకుని, చప్పుడు చేయకుండా పెరట్లోకి పోయి, గోడ ఎక్కి అవతలికి దూకాను. అవతల పక్కింటి అత్త పిడకల కుప్ప ఉన్నది. కుప్ప కూలింది, నా కుడికాలు మడతపడింది.

"ఓరి నీ పాడుగాను! ఎవడురా అది? నువ్వారా!" అత్త చీపురుతో వచ్చింది. "మీ ఇంటికి దర్వాజ లేదారా? దొంగలెక్క గోడ దుంకినవేంది?"

"దర్వాజల ఉన్నదత్తా."

"ఏమున్నది?"

"చెప్పొద్దు."

"పామా?"

"పాము కాదు."

"మరేందిరా, మీ అవ్వ నీళ్లచెంబు పట్టుకొని నిలవడ్డది, గామెనా?"

"చెప్పొద్దత్తా, చెప్తే పోతది!"

"పోనీరా! పోతే మంచిదే గద!"

ఆ తల్లి ఆ క్షణాన చెప్పింది సత్యం. వినే చెవి నాకు లేదు. కుంటుకుంటూ బస్సు దగ్గరికి పోయేసరికి అక్కడ బొగ్గు వాసన తప్ప ఏమీ మిగలలేదు. మొదటి పర్చాకు, అంటే మొదటి పేపరుకు, గైర్‌హాజరైనవాణ్ని తక్కినవాటికి కూర్చోనివ్వరు. మర్నాటి బస్సుకు పోతే మొదటి పర్చా అయిపోయి ఉంటుంది. నేను తిరిగి వచ్చేసరికి అవ్వ ఇంకా చెంబు పట్టుకుని వాకిట్లోనే ఉంది, నేను లోపల తయారవుతున్నాననుకుని. వీధిలోంచి వస్తున్న నన్ను చూసి కెవ్వున అరిచింది.

బాపు రెండు రోజులు బస్తాలను మామూలుగా కాక విసిరి వేశాడని ఆయన జోడీ హమాలీ తరువాత చెప్పాడు.

ఇక దరఖాస్తు. పరీక్షకు పోనివాడు ఎందుకు పోలేదో కారణం రాసి ఇవ్వాలి. అది సదర్ సాబ్ చేతి మీదుగా నల్లగొండ తాలీమాత్ కచేరీకి, అంటే చదువుల శాఖకు పోతుంది. సదర్ సాబ్ అంటే మా బడి పెద్ద పంతులు. నేను అబద్ధం రాయలేదు. పరీక్ష అయిపోయింది గనుక ఇక ఫలం పోయేదేమీ లేదని ఉన్నదున్నట్టు రాశాను: వాకిట్లో ఫేల్ నిలబడి ఉన్నందున గోడ దూకవలసి వచ్చింది, కాలు మడతపడి బస్సు అందలేదు. సదర్ సాబ్ హుక్కా తాగుతూ చదవకుండా దస్తఖత్ పెట్టి పంపాడు.

నెల తిరగకముందే సైకిలు మీద కచేరీ జవాను కాగితం తెచ్చాడు. సదర్ సాబ్ నన్ను పిలిపించాడు. 

"ఏనుగు ఎవరిదిరా?"

"ఏ ఏనుగు సాబ్?"

"నువ్వు రాసిన ఏనుగు!"

"నేను ఏనుగని రాయలే సాబ్."

ఆయన నా దరఖాస్తు నకలు తీసి నా ముక్కు కింద పెట్టాడు. "ఇదేంది? ఫే, యే, లామ్. ఫీల్! ఫీల్ అంటే ఏనుగు కాదా? పట్నంల ఫీల్‌ఖానా అంటే ఏందిరా, ఏనుగుల కొట్టం కాదా?"

"ఫీల్ కాదు సాబ్, ఫేల్."

"ఫేల్ దర్వాజ కాడ ఎట్ల నిలవడ్తదిరా? దానికి కాళ్లున్నయా?"

"గదే నాకు సమజ్ కాలే సాబ్. చీటీల గట్లనే ఉండె."

ఇక్కడ ఉర్దూ రానివాళ్ల కోసం ఒక మాట చెప్పాలి. ఆ లిపిలో ఏనుగు అనే ఫీల్‌కూ పరీక్ష తప్పే ఫేల్‌కూ అవే మూడక్షరాలు, ఫే, యే, లామ్. ఫే కింద జేర్ అని చిన్న గీత పెడితే ఫీల్ అని తెలుస్తుంది. ఆ గీత ఎవడూ పెట్టడు. పెడితే చదువురానివాడు అనుకుంటారని నామోషీ. మన తెలుగులో గుడిదీర్ఘం గుడిదీర్ఘమే, ఏత్వం ఏత్వమే, ఎంత గొప్ప పండితుడైనా పెట్టక తప్పదు. ఈ ఒక్క విషయంలో నేను తెలుగు అక్షరాలకు నేటికీ చేతులెత్తి మొక్కుతాను.

సదర్ సాబ్ నా చెవి పట్టుకుని సియాహీ దుకాణానికి తీసుకుపోయాడు. చాచా ఇరవై ఏడో చీటీ తీసి కళ్లకు దగ్గరగా పెట్టుకుని చదివాడు.

"ఫీల్! ఫీల్‌రా గాడ్దె! వాకిట్ల ఏనుగు నిలవడ్డదంటే షాహీ కిస్మత్ రా, రాజయోగం! ఎవని వాకిట్ల ఏనుగు నిలవడ్తది? నవాబు వాకిట్ల! అన్ని నీ కాడికే వస్తున్నయి, నీకు తొందరేంది, జల్దీ వద్దు అని రాస్తే..."

"మరి హాథీ అని రాయకపోతివి చాచా?"

"హాథీ అని తాంగా తోలెటోడు రాస్తడు. నేను ఫార్సీ సదివినోణ్ని!"

నూరు చీటీల్లో అంత మంచి చీటీ మరొకటి లేదట. దాన్ని పట్టుకుని నేను గోడ దూకాను. ఆ క్షణం నేను ఏడవలేదు, కోపం వచ్చింది. ఆ కోపం ఇంకా పూర్తిగా దిగలేదు, ఈ రాతలో మీకు తెలుస్తూనే ఉంటుంది.

జవాను తెచ్చిన కాగితంలో ఏమున్నదంటే: విద్యార్థి వాకిట్లో నిలబడ్డ ఏనుగు సర్కారుదా, జాగీరుదా, గుడిదా? మావటి ఎవడు? ఇన్‌స్పెక్టర్ సాబ్ స్వయంగా వచ్చి విచారిస్తారు. ఏనుగు సంగతి నిజమైతే పిల్లవాణ్ని మాఫీ చేసి మళ్లీ పరీక్షకు కూర్చోనిస్తారు. అబద్ధమైతే రెండేళ్లు కూర్చోనివ్వరు.

సదర్ సాబ్ అరుగు ముందు నిలబడి గడ్డం నిమురుకున్నాడు.

"ఏనుగు లేదంటె, సదవకుంట దస్తఖత్ పెట్టిన అని నా మెడకు సుట్టుకుంటది. ఏనుగు ఉన్నదంటె వీడు మల్ల పరీక్ష రాస్తడు. కాబట్టి," అన్నాడు, "ఏనుగు ఉన్నది."

ఆ సాయంత్రం ఆయనే మా బాపును కలిసి అంతా చెప్పాడు. ఊ అంటే చాలు, నీ కొడుక్కు కుర్చీ అన్నాడు. బాపు తలపాగా విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. ఊ అనలేదు, ఊహూ అనలేదు. ఊ అన్నట్టేనని నేను అనుకున్నాను. మళ్లీ పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను.

ఇన్‌స్పెక్టర్ సాబ్ సన్నటి మనిషి. నల్ల షేర్వానీ, రూమీ టోపీ, వెంట రాసుకునే గుమాస్తా. మా సందులోకి వచ్చి మా దర్వాజను కింది నుంచి పైకి చూశాడు. మొదటి సాక్షి పక్కింటి అత్త. పిలవకముందే వచ్చి నిలబడింది. ఆయన ఉర్దూలో అడుగుతుంటే సదర్ సాబ్ తెలుగు చేస్తున్నాడు.

"ఏనుగును చూశావా?"

"సూసిన సారూ. గీ రెండు కండ్లతోటి సూసిన."

"ఎంత ఉన్నది?"

"ఏనుగంత ఉన్నది."

"రంగు?"

"పొద్దు పొడువకముందు గద సారూ, ఏం కనవడ్తది?"

"ఎటు మొహం పెట్టి ఉన్నది?"

"గుట్ట దిక్కు."

"పేడ వేసిందా?"

"ఎందుకెయ్యది! గంపెడు ఏసింది."

"ఏది మరి?"

అత్త గోడ దిక్కు చెయ్యి చూపింది. "పిడకలు గొట్టిన సారూ. ఉత్తగ పోగొట్టుకుంటనా?"

ఇన్‌స్పెక్టర్ సాబ్ గోడ దగ్గరికి పోయి, రుమాలు ముక్కుకు పెట్టుకుని ఆ పిడకలను చాలాసేపు చూశాడు. గుమాస్తా ఏదో రాసుకున్నాడు. ఏం రాశాడో చదవాలని నాకు ఇప్పటికీ ఉంది.

రెండో సాక్షి చాచా. "మై నే ఖుద్ దేఖా హుజూర్," అన్నాడు ధాటిగా. తాను స్వయంగా చూశాడట. ఏనుగు మొహం ఎటు అంటే స్టేషను దిక్కు అన్నాడు.

"ఆమె గుట్ట దిక్కు అన్నదే?"

"నడుమ తిరిగింది హుజూర్," అన్నాడు సదర్ సాబ్ మధ్యలో అందుకుని. ఎవడూ ఆయన్ను అడగలేదు.

అప్పుడే బాపు గోదాము నుంచి వచ్చాడు. నెత్తి మీద గోనెపట్టా మడత, ఒళ్లంతా ఆముదాల దుమ్ము. ఇన్‌స్పెక్టర్ సాబ్ ఆయన వైపు తిరిగాడు.

"ఏనుగు నీ వాకిట్లో నిలబడ్డదట. నిజమేనా?"

బాపు సందు ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాడు, అంతకుముందు ఎన్నడూ చూడనట్టు.

"గీ సందుల ఆవు జొరవడితె మల్లొచ్చెతందుకు జాగ లేదు సారు. ఎనుకకే నడిపియ్యాలె. ఏనుగు ఎట్ల తిరుగుతది?"

"అంటే ఏనుగు రాలేదా?"

"నా పోరడు మల్ల పరీక్ష రాయాలని నాకూ ఉన్నది సారు. గని, లేని ఏనుగుకు నేను గడ్డెయ్య."

సదర్ సాబ్ దాన్ని తెలుగు నుంచి ఉర్దూలోకి మార్చలేదు. మార్చనక్కర లేకపోయింది. ఇన్‌స్పెక్టర్ సాబ్‌కు తెలుగు వచ్చు. మొదటి నుంచీ వచ్చు! అత్త చీరకొంగు నోట్లో కుక్కుకుంది.

ఆయన నన్ను దగ్గరికి పిలిచాడు.

"నువ్వు చెప్పు. బాపు గోదాముల ఉండె. ఇంట్ల ఉన్నోనివి నువ్వు. ఏనుగును చూసినవా?"

చూసిన అంటే చాలు. ఒక్క మాట. సదర్ సాబ్ కళ్లతోనే ఊ అను, ఊ అను అంటున్నాడు. బాపు నా వైపు చూడలేదు. చూసి ఉంటే ఆయన మీద కోపంతోనైనా 'చూసిన' అనేవాణ్ని. ఆయన గోడ మీది పిడకలను చూస్తున్నాడు.

"చూడలే సాబ్," అన్నాను. "చదివిన."

ఇరవై ఏడో చీటీ తెప్పించారు. ఇన్‌స్పెక్టర్ సాబ్ చదివాడు. "ఫీల్," అన్నాడు. మళ్లీ చూశాడు. "ఫేల్," అన్నాడు. టోపీ తీసి తల తుడుచుకున్నాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి, నవ్వుతున్నాడో దగ్గుతున్నాడో తెలియలేదు. తరువాత మొహం గట్టిగా చేసుకుని తీర్పు చెప్పాడు. ఏనుగు లేదు. లేని ఏనుగును దరఖాస్తులో రాసినందుకు రెండేళ్లు పరీక్షకు కూర్చోరాదు.

"ఏనుగు అని చదివింది మీ కచేరీవాళ్లు సాబ్," అన్నాను. "నేను రాసింది ఫేల్."

"ఫేల్ అని నువ్వు చదివినవు. మీ చాచా రాసింది ఫీల్."

"మరి ఫేల్ అయింది నేనొక్కణ్నే ఎట్ల సాబ్?"

దానికి జవాబు చెప్పకుండా గొడుగు తీసుకుని పోయాడు. ఇన్నేళ్లుగా నేను ఆ జవాబు కోసం చూస్తున్నాను. జేర్ పెట్టనివాడు చాచా. చదవకుండా దస్తఖత్ పెట్టినవాడు సదర్ సాబ్, ఆయన మీద ఈగ కూడా వాలలేదు, పై ఏడాది పెద్ద బడికి పోయాడు. ఏనుగు పిడకలు చేసింది అత్త. అందరిలోకీ నిజం చెప్పినవాళ్లం ఇద్దరం, బాపూ నేనూ. శిక్ష మా ఇంటికి వచ్చింది.

ఆ సాయంత్రం నేను పుస్తకాలు మూలకు పడేశాను. ఆయన బువ్వ తిని, చెయ్యి కడుక్కుని వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"ఎందుకు బంజేసినవు? సదువుకో."

"రెండేండ్లు కూసోనియ్యరట."

"కూసోనియ్యకుంటే నిలవడి సదువు."

పరీక్షకు కూర్చోవడం అంటే ఏమిటో ఆయనకు తెలియక అన్న మాట అది. నాకు ఒళ్లు మండింది. కాని మర్నాడు చేయడానికి వేరే పని లేక సియాహీ దుకాణానికే పోయాను. చాచా అరుగు మీద ఒక మనిషి కూర్చోవడానికే చోటు, ఆ మనిషి చాచాయే. నేను నిలబడ్డాను. సిరా పొడి పొట్లాలు కట్టడానికి ఆయన పాత కాగితాలు తెచ్చేవాడు: చినిగిన పుస్తకాలు, కచేరీ రద్దు కాగితాలు, పట్నం పత్రికలు, ఎక్కడివో తెలుగు పుటలు కూడా. పొట్లం కట్టబోయే ముందు ప్రతి కాగితం నా చేతికి ఇచ్చేవాడు. అది ఆయన చేసుకున్న ప్రాయశ్చిత్తం. నేను చదివేదాకా సిరా ఆగేది. రెండేళ్లు గడిచేసరికి నేను బాపు పక్కన బస్తా ఎత్తే వాణ్నయ్యాను. ఆ తరువాత ఊరూరా గొడవలు మొదలై, బడులు తెరిచిన రోజులకన్నా మూసిన రోజులు ఎక్కువైన కాలం వచ్చింది, నా పరీక్ష సంగతి ఎవడికీ పట్టలేదు. గోదాము నుంచి వచ్చి మాత్రం ఆ అరుగు ముందు నిలబడేవాణ్ని. నేను చదివిన చదువు మొత్తం అక్కడిదే. మధ్యలో మొదలై మధ్యలో తెగిపోయిన పుటలు. కొన్ని కథల చివరలు నాకు నేటికీ తెలియవు.

ఆ మొదటి నెలలోనే ఒక పనికి పట్టుబట్టాను. నూరు చీటీలూ మళ్లీ రాస్తాను, జేర్లూ జబర్లూ చుక్కలూ అన్నీ పెడతాను అన్నాను. చాచా మూతి ముడుచుకున్నాడు, నా పెద్దరికం పోతదన్నాడు. చివరికి తలూపాడు. ఇరవై ఆరు చీటీలు సాఫీగా జరిగాయి. ఇరవై ఏడు దగ్గర కలం ఆపాను.

"హాథీ అని రాస్తున్న చాచా."

"ఫీల్ రాయి. కింద జేర్ పెట్టు, కావాలంటె రెండు జేర్లు పెట్టు. నా ఫార్సీ ఖరాబ్ చెయ్యకు."

"అసలు చీనాయన ఏనుగు అన్నడా? ఏ మాట అన్నడు?"

"మాట ఏమనలే. ఆయనకు హిందూస్తానీల అన్ని మాటలు రావు గద. ఇట్ల దర్వాజల నిలవడి," చాచా లేచి నిలబడి, ముక్కు ముందు చెయ్యి పెట్టి తొండం లాగా కిందికీ పైకీ ఊపాడు, "ఇట్ల అన్నడు. ఇది ఏనుగు కాకపోతె ఏందిరా?"

లోపల పరదా వెనక నుంచి చాచీ గొంతు వినిపించింది.

"ముక్కు సీదిండు! పది దినాల జొరం, పడిశం! నేను రుమాలు ఇయ్యమని మీకు చెప్పలేదా? రుమాలు ఇయ్యక కలం పట్టుకొని రాసుకుంటనే కూసున్నరు!"

చాచా చెయ్యి ముక్కు ముందే ఆగిపోయింది. నేను ఆయన్ను చూశాను. ఆయన పరదాను చూశాడు.

"జల్దీ మత్ కర్ అన్నది?" అన్నాను.

"రుమాలు కోసం నేను లేస్తుంటె," చాచా మెల్లగా అన్నాడు, "జల్దీ వద్దు అన్నడు."

ఆ చీటీ మీద ఏం రాయాలో మా ఇద్దరికీ తోచలేదు. ఏనుగు అని రాయడానికి నాకు మనసొప్పలేదు, పడిశం అని రాయడానికి చాచాకు ఒప్పలేదు. ఖాళీ కాగితమే మడిచి డబ్బాలో వేశాం. ఆ తరువాత ఆ పుల్ల పడ్డ పిల్లలు తెల్ల కాగితం విప్పుకుని, వెనకా ముందూ తిప్పి చూసుకుని, ఏమీ అర్థంకాక ఇంటికి పోయి చదువుకునేవారు. వాళ్లలో చాలామంది పాసయ్యారు. ఆ పేరు కూడా చాచాకే వచ్చింది.